పిల్లల సంగీత నాటకానికి ఎంపికలు జరుపుతున్న పెద్దలకు బహిరంగ లేఖ

చెన్నైలోని మన తెలుగు సంఘం కార్యవర్గ సభ్యులకు, నాటక దర్శకులకు, ఎంపికల్లో న్యాయనిర్ణేతలుగా కూర్చుంటున్న సంగీత విద్వాంసులకు నమస్కారం.

వేసవి సెలవుల్లో ప్రహ్లాదుడి కథను పిల్లలతో సంగీత నాటకంగా ఆడించాలని మీరు తలపెట్టారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వాళ్లే వేషాలు కట్టాలని, పాటలన్నీ వాళ్లే వేదిక మీద పాడాలని, రికార్డు పెట్టి పెదవులు కదిలించడం ఉండకూడదని నియమం పెట్టారు. ఈ ఊళ్లో తెలుగు పిల్లలకు ఇలాంటి అవకాశం వచ్చి చాలా కాలమైంది. త్యాగరాజస్వామి రాసిన గేయనాటకం ‘ప్రహ్లాద భక్తి విజయం’ నుంచి కొన్ని కీర్తనలు, పోతన భాగవతం నుంచి పద్యాలు తీసుకుని, మధ్యలో ఈనాటి మాటలు కలిపి రాయించిన ప్రతిని నేను చదివాను. బాగుంది. ఇంత మంచి పని మొదలుపెట్టినందుకు ముందుగా నా కృతజ్ఞతలు.

పెరంబూరులో పిల్లలకు పాట నేర్పుతుంటాను. మొదటి విడత ఆడిషన్లకు నా దగ్గర నేర్చుకునే పిల్లలను కొందరిని వెంటబెట్టుకుని వచ్చి, రోజంతా ఆ హాల్లోనే ఉన్నాను. పరీక్షలు ముగియగానే రెండో విడత ఉంటుందని ప్రకటించారు. ఆలోగా మీరు ఆలోచించాలని ఈ మాటలు అందరి ముందూ రాస్తున్నాను. ఆ రోజు మీరు అడిగినవన్నీ పిల్లలు అంతకుముందే ఎక్కడో నేర్చుకుని రావలసినవి. ఇకముందు ఏం నేర్చుకోగలరన్నది తెలుసుకోవడానికి ఒక్క ప్రయత్నమూ జరగలేదు. రెండు నెలల రిహార్సల్స్ తర్వాత వేదిక ఎక్కే నాటకానికి పాత్రధారులను వెతికేటప్పుడు చూడవలసింది ఆ రెండోదే. ఈ తేడా వల్ల ఎవరు బయటికి వెళ్లిపోయారో నా కళ్లతో చూశాను కాబట్టి వివరంగా చెబుతాను.

మొదట చదివించడం గురించి. లోపలికి వచ్చిన ప్రతి బిడ్డ చేతిలో తెలుగులో రాసిన ఒక కాగితం పెట్టి, తయారయ్యే వ్యవధి ఇవ్వకుండా చదవమన్నారు. గుంటూరులోనో విజయవాడలోనో అయితే ఆ పరీక్షకు కొంత అర్థం ఉంటుంది. చెన్నైలో లేదు. తమిళనాడు తమిళ అభ్యసన చట్టం 2006లో వచ్చింది. 2006–07లో ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పైకి సాగి, 2015–16 నాటికి పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. ఈ ఊళ్లో పుట్టి ఇక్కడే బతకబోయే పిల్లలకు తమిళం రావాలి, బాగా రావాలి. అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. అయితే ఆ మార్పు తర్వాత బడిలో తెలుగు అక్షరం ముఖం చూడకుండానే ఎనిమిదో తరగతికి చేరిన తెలుగు పిల్లలు మన చుట్టూ ఎంతోమంది ఉన్నారు. సీబీఎస్‌ఈ బడుల్లో చదివే వాళ్లలోనూ తెలుగు తీసుకున్నవాళ్లు అరుదుగానే కనిపిస్తారు. కొరుక్కుపేట, వ్యాసర్‌పాడి, వాషర్‌మెన్‌పేట, విల్లివాక్కం వైపు ఇళ్లలో తరాలుగా తెలుగే మాట్లాడుతున్నారు. అమ్మతో, అవ్వతో, ఇరుగుపొరుగుతో మాట తెలుగే. చేతిలో పుస్తకం మాత్రం తమిళమో ఇంగ్లీషో.

కాగితం చదివించే పద్ధతి ఈ పిల్లలనే ముందుగా బయటికి పంపింది. శనివారం తెలుగు తరగతులకు డబ్బు కట్టి పంపగలిగిన ఇళ్ల పిల్లలు నెగ్గారు. వాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, వాళ్లు కష్టపడి నేర్చుకున్నారు. కానీ అక్షరాలు కూడబలుక్కుంటూ చదివిన వాళ్లలో కొందరికి ఆ వాక్యాల్లో తండ్రి కోపంగా ఉన్నాడో బతిమాలుతున్నాడో కూడా తెలియలేదు. అది తెలిసినవాళ్లు గుమ్మం బయట ఉన్నారు.

ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. ఏడో తరగతి. తండ్రి రేవులో పని చేస్తాడు. కాగితం చూసి నిలబడిపోయింది. “తెలుగు రాని పిల్లను ఎందుకు తీసుకొచ్చారు?” అని బల్ల దగ్గర నుంచి ఒకరు అడిగారు. ఆ అడిగింది నన్నే అయినా విన్నది ఆ అమ్మాయి. ఆ పిల్లకు ‘చదివించిరి నను గురువులు’ పద్యం నోటికి వచ్చు. ‘ఇందుగలడందు లేడని’ వచ్చు. వాళ్ల నాయనమ్మ ఏళ్ల తరబడి పక్కలో పడుకోబెట్టుకుని చెప్పినవి అవి. అర్థం అడిగితే తన మాటల్లో చెబుతుంది, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలుసు, పద్యం చివరి పాదంలో ఆ బిడ్డ గొంతులో వచ్చే మెత్తదనం నేను నేర్పింది కాదు. మీరు ఆడించబోయే నాటకంలోని పద్యాలే అవి! ఏం పాడగలవని అడిగి ఉంటే హాలంతా వినేది. ఎవరూ అడగలేదు. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ ఆ అమ్మాయి నాతో తమిళంలోనే మాట్లాడింది. అంతకుముందు ఎప్పుడూ అలా మాట్లాడలేదు.

తెలుగును బతికించడానికి పెట్టుకున్న సంఘం చేతుల మీదుగా ఇది జరిగింది. అందుకే ఇంత బాధగా రాస్తున్నాను.

తెలుగు నాటకం ఆడాలంటే తెలుగు లిపి వచ్చి తీరాలన్న నియమం ఈ నేల మీద ఎన్నడూ లేదు. తంజావూరు దగ్గరి మెలట్టూరులో ఏటా నరసింహ జయంతికి భాగవత మేళా వాళ్లు ప్రహ్లాద చరిత్రం ఆడతారు. మెలట్టూరు వెంకటరామశాస్త్రి తెలుగులో రాసిన నాటకం. ఆడేవాళ్లలో ఇంట్లో తమిళం మాట్లాడే కుటుంబాల వాళ్లూ ఉన్నారు. తండ్రి నోటి నుంచి కొడుకు నోటికి, గురువు నుంచి శిష్యుడికి ఆ నాటకంలోని పాటలు, అంటే దరువులు, అందుతూ వచ్చాయి. ఇక త్యాగరాజ కీర్తనల సంగతి ఈ ఊరి సభలకు నేను చెప్పాలా? తమిళ లిపిలో అచ్చయ్యే కీర్తనల పుస్తకాల్లో క అక్షరం పక్కన 2, 3, 4 అంకెలు వేసి ఖ, గ, ఘ లను చూపిస్తారు. ఆ అంకెల సాయంతో తెలుగు చదవడం రాని గాయకులు తరాలుగా తెలుగు పాడుతున్నారు, మనం ముందు వరుసలో కూర్చుని తల ఊపుతున్నాం. పెద్ద విద్వాంసులకు ఇచ్చిన వెసులుబాటు పన్నెండేళ్ల పిల్లకు ఇవ్వడానికి మనకేం అడ్డం?

నాటకం ప్రతిని మూడు లిపుల్లో తయారు చేయించండి. తెలుగులో ఒకటి, అంకెలు వేసిన తమిళంలో ఒకటి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటి. ఆడిషన్ రోజున చదివించడం పూర్తిగా మానేయండి. ఒకరు మాట చెప్పాలి, బిడ్డ విని తిరిగి చెప్పాలి. అదే మాటను ఇప్పుడు భయపడుతూ చెప్పమనండి, తర్వాత నాన్నతో వాదిస్తున్నట్టు చెప్పమనండి. నటించగల బిడ్డ ఎవరో నాలుగు నిమిషాల్లో తెలిసిపోతుంది. లిపి సంగతి తర్వాత చూసుకోవచ్చు. రిహార్సల్స్ జరిగే రెండు నెలల్లో తన సంభాషణలను తెలుగులో చదవాలన్న కోరిక ఆ పిల్లలకే పుడుతుంది. పాత్ర దొరికిన పిల్లకు అక్షరాలు నేర్పడం ఎంత తేలికో పాఠం చెప్పే వాళ్లందరికీ తెలుసు.

ఇప్పుడు గొంతు సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే ఇక్కడ జరిగే నష్టం నాటకంతో ముగిసిపోదు.

పదకొండు నుంచి పద్నాలుగేళ్ల మధ్య మగపిల్లల స్వరపేటిక త్వరగా పెరుగుతుంది. స్వరతంత్రులు పొడవై, మందమవుతాయి. గొంతు మొత్తం మీద దాదాపు ఒక స్థాయి, అంటే పై ‘స’ నుంచి కింది ‘స’ దాకా ఉన్నంత దూరం, కిందికి దిగుతుంది. శ్రుతి అంకె పెరిగేకొద్దీ పాట ఎత్తు పెరుగుతుంది. నిన్నటిదాకా ఐదు, ఐదున్నర శ్రుతిలో హాయిగా పాడిన కుర్రవాడు చివరికి ఒకటికో రెండుకో చేరి స్థిరపడతాడు. ఈ దిగడం మెట్టు మెట్టుగా, శుభ్రంగా జరగదు. నెలల తరబడి సాగుతుంది. మధ్యలో కొంతకాలం ఐదారు స్వరాలు మాత్రమే మాట వింటాయి. పైకి వెళితే గొంతు చీలుతుంది, కిందికి వెళితే గాలే వస్తుంది. ఉదయం పలికిన పంచమం (ప) సాయంత్రానికి పలకదు. ఆడపిల్లల గొంతూ ఈ వయసులో మారుతుంది. అంత దిగకపోయినా కొంత దిగుతుంది, కొన్నాళ్లు ఊపిరి కలిసిన బొంగురుతనం ఉంటుంది. ఇవేవీ రోగాలు కావు, సాధన లోపమూ కాదు. ఎదుగుదల.

మొదటి విడతలో అందరికీ ఒకే ట్రాక్ పెట్టారు. అది ఐదున్నర శ్రుతిలో ఉంది. పదేళ్ల పిల్లకు సరిపోయే శ్రుతి అది. ఎనిమిదో తరగతి కుర్రవాళ్లు వరుసగా ఆ ట్రాక్ ముందు నిలబడి, చరణంలో పై షడ్జమం (పై స) దగ్గర ఒకరి తర్వాత ఒకరు విరిగిపోయారు. మూడోవాడి గొంతు చీలినప్పుడు హాల్లో నవ్వులు వినిపించాయి. నాలుగోవాడు పేరు పిలిచినా లేవలేదు. అది గమనించారా?

ఆ వయసులో “నీకు పాట రాదు” అన్న మాట పడిన మగపిల్లలు మళ్లీ నోరు తెరవరు. నా దగ్గరికి పిల్లలను దింపడానికి వచ్చే తండ్రుల్లో ఎంతోమంది, చిన్నప్పుడు బాగా పాడేవాళ్లమని, హైస్కూల్లో ఆపేశామని చెబుతుంటారు. ఎందుకు ఆపారని అడిగితే చాలామంది చెప్పే కారణం ఇదే. గొంతు తిరిగి కుదురుకుంటుందని ఆ రోజు వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

ఇలా చేయవచ్చు. ట్రాక్ పక్కన పెట్టి శ్రుతి పెట్టె తెప్పించండి. బిడ్డను ముందు మామూలుగా మాట్లాడించండి. పేరు, బడి, పొద్దున ఏం తిన్నావు, ఇలాంటివి. ఆ మాట ఏ స్వరం చుట్టూ తిరుగుతోందో మీలాంటి విద్వాంసులు ఇట్టే పట్టగలరు. అక్కడికి శ్రుతి సర్ది, షడ్జమం నుంచి పంచమం దాకా పాడించండి. అది చాలు. పై స్థాయి ఇప్పుడు అడగవద్దు. తర్వాత ‘శ్రీ గణపతిని సేవింపరారే’ పల్లవి ఒక్క వరుస మీరు పాడి వినిపించి, తిరిగి పాడమనండి. ఆ కీర్తన ‘ప్రహ్లాద భక్తి విజయం’లో మొదట వచ్చేదే కదా, పిల్లలకు నాటకంలోకి అడుగుపెట్టినట్టూ ఉంటుంది. పాడిన దాంట్లో ఒక తప్పు చూపించి, సరిచేసి, మళ్లీ పాడమనండి. నన్నడిగితే ఆడిషన్ మొత్తంలో మార్కులు వేయదగ్గ క్షణం అదొక్కటే. మొదటిసారి ఎంత బాగా పాడారన్నది వాళ్ల అమ్మానాన్నలు ఎన్నేళ్లు ఫీజు కట్టారో చెబుతుంది. రెండోసారికి ఎంత మారారన్నది ఆ బిడ్డ చెవి, మనసు ఎలాంటివో చెబుతుంది.

గొంతు మారుతున్న కుర్రవాళ్లకు ఈ నాటకంలో పాత్రలు లేవా అంటే, కావలసినన్ని ఉన్నాయి. నాగపాశాలతో కట్టి పడేసిన ప్రహ్లాదుణ్ణి ఒడిలోకి తీసుకునే సముద్రుడి పాత్ర ఉంది. ఐదారు స్వరాల్లో, నెమ్మదిగా, కింది స్థాయిలో సాగే వరుస కడితే, లోతుగా దిగుతున్న ఆ గొంతుకు అంతకంటే తగిన వేషం ఉండదు. ‘వాసుదేవయని వెడలిన’ అంటూ అందరూ పాడుతుంటే ప్రవేశించే ద్వారపాలకుడు ఉన్నాడు. ఆ పాట బృందం పాడుతుంది, అతను నడకతో మెప్పించాలి. హిరణ్యకశిపుడికి పాటకంటే మాట ముఖ్యం. నాటకం మనం కొత్తగా కూర్చుకుంటున్నదే. పిల్లల గొంతులు చూసి శ్రుతి మార్చుకోవచ్చు, కీర్తనలో ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే సంగతుల్లో ఒకటి తగ్గించుకోవచ్చు, ఒక చరణాన్ని ఇద్దరికి పంచవచ్చు. ముందే ఖాయం చేసిన శ్రుతికి పిల్లలను వెతికే బదులు దొరికిన పిల్లలకు శ్రుతి సర్దడం మన చేతిలో ఉన్న పని.

ప్రహ్లాదుడి వేషానికి మగపిల్లవాడే కావాలని ప్రకటనలో రాశారు. దయచేసి ఆ మాట తీసేయండి. ఏప్రిల్‌లో ఎంచుకున్న కుర్రవాడి గొంతు ప్రదర్శన నాటికి ఎక్కడుంటుందో ఎవరూ చెప్పలేరు. పైగా ఇది ఈ ఊళ్లోనే తేలిపోయిన విషయం. 1967లో ఏవీఎం వారి ‘భక్త ప్రహ్లాద’లో ప్రహ్లాదుడిగా నటించింది రోజారమణి అనే చిన్న పాప. ఆ పాత్రకు పాడింది ఎస్. జానకి. తెలుగువాళ్ల మనసులో ప్రహ్లాదుడి రూపమంటే ఇప్పటికీ ఆ పాపే. ఒక వేషానికి ఇద్దరిని తయారు చేయడం కూడా మంచిది. రెండు ప్రదర్శనలు ఉన్నాయి కాబట్టి ఒక రోజు ఒకరు, మరో రోజు ఇంకొకరు ఆడవచ్చు. ఎవరికైనా జ్వరం వచ్చినా నాటకం ఆగదు.

ఇంకొక సంగతి. ఉదయం తొమ్మిదింటికి రమ్మన్న పిల్లల్లో కొందరిని పిలిచేసరికి మూడు దాటింది. మధ్యలో తిండి ఏర్పాటు లేదు. సినిమాల్లో నటించే పిల్లలకే రోజుకు ఐదు గంటలు మించకూడదని, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదని బాలకార్మిక చట్టం కింద నిబంధనలున్నాయి. మన నాటకం వ్యాపారం కాకపోవచ్చు, ఆ నిబంధన మనకు వర్తించకపోవచ్చు. అయినా పిల్లల ఒంటికి ఆ తేడా తెలియదు. ఎండిపోయిన గొంతుతో, ఆకలి కడుపుతో పాడిన పాటను బట్టి ఎవరినీ తూచకూడదు. గంటకు ఇంతమంది అని సమయాలు ఇచ్చి పిలవండి, మంచినీళ్లు అందుబాటులో పెట్టించండి. హాల్లో పెద్దవాళ్లు ఫోన్లు పట్టుకుని తమ పిల్లలవే కాక పరాయి పిల్లల పాటలు కూడా వీడియో తీయడం వెంటనే ఆపించండి. ఆ గొంతు చీలిన కుర్రవాడి వీడియో ఆ రాత్రే ఒక గ్రూపులో తిరిగింది. వాడు మర్నాడు బడికి వెళ్లలేదు.

నా అసలు విన్నపం ఇది. రెండో విడతను పరీక్షలా పెట్టకుండా రెండు పూటల శిక్షణగా నడపండి. వచ్చిన పిల్లలందరినీ ఇరవై మంది చొప్పున గుంపులుగా చేసి, మొదటి పూట ఒక పల్లవి, ఒక పద్యం, నాలుగు అడుగులు, ఒక చిన్న సన్నివేశం నేర్పండి. న్యాయనిర్ణేతలు బల్ల వదిలి ఆ గుంపుల మధ్య తిరగాలి. రెండో పూట చిన్న చిన్న జట్లుగా అదే చేసి చూపించమనాలి. ఒంటరిగా నిలబడి పాడవలసిన అవసరం ముఖ్య పాత్రలకు పరిశీలనలో ఉన్న కొద్దిమందికే ఉంటుంది. ఇలా చేస్తే, పక్కవాడి మాట వినే బిడ్డ ఎవరో, మాట మరచిపోయిన స్నేహితురాలికి నెమ్మదిగా అందించే బిడ్డ ఎవరో, దర్శకుడు అడుగు మార్చగానే పట్టుకునే బిడ్డ ఎవరో కనిపిస్తారు. వేదిక మీద నాటకాన్ని నిలబెట్టేది వాళ్లే. రెండు నిమిషాలు ఒంటరిగా పాడించి పంపిస్తే ఈ గుణాల్లో ఒక్కటీ బయటపడదు.

సమయం ఎక్కువ పడుతుందంటారు. లెక్క వేసి చూడండి. మొన్న ఒక్కొక్కరికి మూడు నిమిషాల చొప్పున రోజంతా పట్టింది. అదే రోజులో రెండు పూటలున్నాయి.

బృందం గురించి కూడా చెప్పాలి. ముఖ్య పాత్రలు రానివాళ్లకు “గుంపులో వేద్దాం” అన్న మాట మీ నోట విన్నాను. ఈ కథలో గుంపు తక్కువది కాదు. పోతన రాసిన ప్రహ్లాద చరిత్రలో ఒక బడి ఉంది. చండామార్కులు పాఠం చెప్పే ఆ బడిలో, అయ్యవార్లు లేని సమయం చూసి ప్రహ్లాదుడు తోటి దైత్యబాలురను చుట్టూ కూర్చోబెట్టుకుని తనకు తెలిసింది చెబుతాడు. వాళ్లంతా మన ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల వయసు వాళ్లే. ఆ సన్నివేశంలో ముప్పై మందిని కూర్చోబెట్టండి, ఒక్కొక్కరికి ఒక పేరు, ఒక అలవాటు, ఒక మాట ఇవ్వండి. సురభి నాటక సమాజం వాళ్లు 1885లో మొదలుపెట్టి ఇన్ని తరాలు నాటకాన్ని నిలిపారంటే, అక్కడ పిల్లలకు ఆడిషన్ లేదు, వేషం ఉంది. చంకలో పసిబిడ్డగా వేదిక ఎక్కి, కృష్ణుడై, లవకుశులై, ఎదిగేకొద్దీ పెద్ద వేషాలకు చేరారు. ఈ మద్రాసులోనే న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లలను మైకు ముందుకు తెచ్చి పాడించారు, 1945లో వాళ్ల కోసం ‘బాల’ పత్రిక నడిపారు. మన ఊరికి ఉన్న సంప్రదాయం అది.

పాత్రల జాబితా రాత్రి పదకొండు గంటలకు వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. పేరు లేని పిల్లలు ఆ గ్రూపులోనే ఉంటారు. ప్రతి ఇంటికీ విడిగా ఫోను చేసి చెప్పండి. తీసుకోని బిడ్డకు ఏది బాగా చేసిందో ఒక్క మాటైనా చెప్పండి. అది నిజమైన మాట అయి ఉండాలి. ఊరికే పొగిడితే పిల్లలు ఇట్టే కనిపెడతారు.

చివరగా దూరం, ఖర్చు. ఎంపికలు, రిహార్సల్స్ అన్నీ టీ నగర్ చుట్టుపక్కలే పెడుతున్నారు. కొరుక్కుపేట నుంచి పిల్లలను తీసుకుని రెండు రైళ్లు మారి మాంబళంలో దిగాలంటే, రోజు కూలి మీద బతికే తల్లికి ఆ పూట పని పోయినట్టే. రెండో విడతలో ఒక పూటైనా ఉత్తర చెన్నైలో పెట్టండి. వేషాలకు ప్రతి కుటుంబం ఇవ్వాలన్న మొత్తాన్ని, ఇవ్వలేని వాళ్లకు మినహాయిస్తామని ప్రకటనలోనే రాయండి. అడిగితే మినహాయిస్తామని ఊరుకుంటే అడగడానికి సిగ్గుపడి పిల్లలను ఇంట్లోనే ఉంచేస్తారు. దాతలు మన సంఘానికి కొత్త కాదు.

ఇవన్నీ చేయడానికి మనుషులు కావాలని నాకు తెలుసు. నాటకం ప్రతిని అంకెలు వేసిన తమిళ లిపిలోకి మార్చే పని నేను, నాతో పాటు పాఠం చెప్పే ఇద్దరు టీచర్లు మొదలుపెట్టాం. మొదటి అంకం పూర్తయింది, మీరు ఎప్పుడు అడిగితే అప్పుడు పంపిస్తాం. పెరంబూరులో నా పాఠాలు జరిగే బడి ప్రధానోపాధ్యాయురాలు ఆదివారాల్లో హాలు ఉచితంగా ఇస్తామన్నారు. శ్రుతి పెట్టె, హార్మోనియం మా దగ్గర ఉన్నాయి. రెండు పూటలూ పిల్లలకు నేర్పే పనిలో మేం ముగ్గురం ఉంటాం, ఎంపిక నిర్ణయాల్లో కలగజేసుకోం.

మొదటి విడతలో కాగితం దగ్గర ఆగిపోయిన వాళ్లను, ట్రాక్ దగ్గర ఆగిపోయిన వాళ్లను మళ్లీ పిలవాలన్నది నా మొదటి కోరిక, చివరి కోరిక కూడా. వాళ్ల పేర్లు మీ రిజిస్టరులో ఉన్నాయి. రేవులో పని చేసే ఆ తండ్రికి ఫోను చేసేటప్పుడు సంఘం తరఫున పెద్దవాళ్లెవరైనా మాట్లాడితే బాగుంటుంది. తన కూతురికి తెలుగు రాదన్న మాట ఆయన ఇంటిదాకా చేరింది.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

పెరంబూరులో పిల్లలకు పాట నేర్పే ఒక టీచరు